నాలుగు పెన్నీల సాక్ష్యం: న్యూటన్ పితృవంశ నిర్ణయంలో పన్ను పట్టీలు, వీలునామాలు

1705 ఏప్రిల్‌లో ఆన్ రాణి కేంబ్రిడ్జిలో ఐజాక్ న్యూటన్‌కు 'సర్' బిరుదు ప్రదానం చేసింది. ఆ ఏడాదే న్యూటన్ తన వంశవృక్షాన్ని స్వయంగా సిద్ధపరచి, వంశచిహ్నాలను నమోదు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ సంస్థకు సమర్పించాడు. అందులో తన పూర్వులను లింకన్‌షైర్‌లోని వెస్ట్‌బీ గ్రామవాసి జాన్ న్యూటన్ దాకా తీసికొనిపోయి, బారొనెట్ హోదాగల సర్ జాన్ న్యూటన్ కుటుంబంతో తనకు బంధుత్వం ఉన్నదని ప్రకటించాడు. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ముంగాలి ఎముకలు ఆ కుటుంబపు చిహ్నం. అదే చిహ్నం ఆయనకూ దక్కింది. వార్ధక్యంలో ఆయన మరొక మాట కూడ చెప్పినట్లు థామస్ రీడ్ లేఖ వలన తెలుస్తున్నది. స్కాట్లండు గణితజ్ఞుడు జేమ్స్ గ్రెగరీతో మాట్లాడుతూ, తన వంశం తూర్పు లోథియన్ ప్రాంతానిదనీ, జేమ్స్ రాజు ఇంగ్లండు సింహాసనానికి వచ్చిన కాలంలో దక్షిణానికి తరలివచ్చిందనీ ఆయన అన్నాడట.

ఈ రెండు కథనాలూ ఒకే మనిషివి. ఒకదానితో ఒకటి పొసగనివి. తెలుగు పరిశోధకునికి ఈ పరిస్థితి అపరిచితమైనది కాదు. ప్రబంధావతారికలోని కృతిపతి వంశవర్ణననూ, అదే కుటుంబాన్ని ప్రస్తావించే శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చదివినవారికి, గౌరవం కోసం చెప్పిన వంశకథకూ మరొక పనికోసం వ్రాసిపెట్టిన పత్రానికీ గల దూరం తెలిసినదే. న్యూటన్ విషయంలో ఆ మరొక పనికోసం పుట్టిన పత్రాలు రెండు తరగతులు: రాజు ఖజానా కోసం తయారైన పన్ను పట్టీలు, మరణించినవాని ఆస్తిని పంచటానికి చర్చి న్యాయస్థానాలలో దాఖలైన వీలునామాలు, చరాస్తి జాబితాలు. 1928లో కానన్ ఫాస్టర్ ఈ కుటుంబంపై ప్రకటించిన వ్యాసంలోనూ, 1980లో రిచర్డ్ వెస్ట్‌ఫాల్ వెలువరించిన 'నెవర్ ఎట్ రెస్ట్' అనే బృహజ్జీవితచరిత్రలోనూ ఈ పత్రాలు విరివిగా వినియోగపడ్డాయి. వాటి ఆధారంగా ఏర్పడిన వంశచిత్రంలో ఏ భాగం గట్టిది, ఏ భాగం ఊహ అన్నది విడదీసి చూడవలసిన అవసరం నేటికీ ఉన్నది. ముఖ్యంగా, న్యూటన్ పుట్టక మునుపే మరణించిన తండ్రి గురించి ఆ పత్రాలు ఎంతవరకు చెప్పగలవన్నది తేలవలసిన ప్రశ్న.

మొదటి ఆధారం చాలా చిన్నది. 1524లో పార్లమెంటు మంజూరు చేసిన సబ్సిడీ అనే పన్ను పట్టీలో వెస్ట్‌బీ గ్రామం కింద సైమన్ న్యూటన్ అనే పేరు ఉన్నది. అతడు చెల్లించినది 4 పెన్నీలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు అనే ఆనాటి లెక్కలో ఇది పౌండులో అరవయ్యవ వంతు. ఆ పన్నులో అంతకంటె తక్కువ మెట్టు లేదు. ఏడాదికి ఒక పౌండు కూలి సంపాదించే పనివాడూ, రెండు పౌండ్లకు లోపు సామాను గల చిన్న రైతూ ఆ మెట్టులోనే ఉంటారు. ఆ గ్రామంలో పన్ను కట్టినవారిలో సగానికి మించి సైమన్ వంటివారే. అదే పట్టీలో థామస్ ఎల్లిస్ అనే సంపన్నుడు 15 పౌండ్లకు పైగా చెల్లించాడు. సైమన్ తన పొలం దున్నుకొన్నాడా, ఇతరుల పొలంలో కూలికి పోయాడా అన్నది ఈ నాలుగు పెన్నీలు చెప్పవు. అయితే అవి చెప్పిన కాస్తా స్కాట్లండు కథను కూలదోయటానికి చాలు. జేమ్స్ రాజు లండనుకు వచ్చినది 1603లో. వెస్ట్‌బీలో న్యూటన్లు అప్పటికి ఎనభై ఏళ్ల కిందటి నుండే పన్ను కడుతున్నారు.

సైమన్‌కు గణితజ్ఞుడు సర్ ఐజాక్ నిజంగా వారసుడైనప్పుడే ఈ వాదం నిలుస్తుంది. ఇక్కడ వెస్ట్‌ఫాల్ కథనంలో ఒక జారుడు చోటు ఉన్నది. 1544 నాటి మరొక సబ్సిడీలో వెస్ట్‌బీ నుండి నలుగురే పన్ను కట్టారు. వారిలో ఇద్దరు న్యూటన్లు, ఇద్దరి పేరూ జానే. పెద్ద జాన్ సైమన్ కొడుకనీ, చిన్న జాన్ ఆ పెద్ద జాన్ కొడుకనీ వెస్ట్‌ఫాల్ ఊహించాడు. ఊహ అని దాచకుండా చెప్పాడు కూడ. ఆయనను అనుసరించిన వ్యాసాలలో ఆ 'బహుశా' క్రమంగా రాలిపోయి, సైమన్ నిస్సందేహమైన మూలపురుషుడుగా స్థిరపడటం సహజంగా జరిగే ప్రమాదం. పైగా రెండు పట్టీల పోలికలో మరొక చిక్కు ఉన్నది. 1524-25 సబ్సిడీ కూలివారిని సైతం కలుపుకొన్న అసాధారణ విస్తృతిగల పన్ను. ఇరవై మందికి పైగా కట్టిన ఊరిలో ఇరవై ఏళ్ల తరువాత నలుగురే కట్టారంటే, ఊరిలో మిగిలినవారు చితికి న్యూటన్లు మాత్రమే పైకి వచ్చారని కాదు. పన్ను వల కన్ను మారి ఉండవచ్చు. న్యూటన్లు ఊరి ముఖ్యులలో చేరారన్న నిర్ణయం సరైనదే. వారు ఎంత వేగంగా ఎదిగారన్నది మాత్రం ఈ రెండు సంఖ్యలతో కొలవరాదు.

పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. న్యూటన్ అంటే కొత్తూరు. ఇంగ్లండులో ఆ పేరుగల పల్లెలు అనేకం. ఆ పల్లెల నుండి వచ్చి మరొకచోట స్థిరపడినవారందరికీ ఆ పేరే ఇంటిపేరైంది. కొత్తపల్లి ఇంటిపేరుగలవారందరూ జ్ఞాతులు కారని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1705లో న్యూటన్ బారొనెట్ కుటుంబంతో కలిపిన చుట్టరికాన్ని తూచవలసినది ఈ తూనికరాతితోనే. బంధువులలో వాడుకగా ఉన్న మాట తప్ప అంతకు మించిన పత్రాధారం ఆయన చూపలేకపోయాడు. దానిని అబద్ధమనటానికి వీలులేదు, నిరూపితమనటానికీ వీలులేదు. ఇటువంటి చోట్ల పేరు కంటె పొలం నమ్మదగిన ఆధారం. వెస్ట్‌బీ కుటుంబం నుండి ఉల్స్‌తోర్ప్ కుటుంబం చీలిన తీరు గట్టిగా చెప్పగలుగుతున్నది ఒక భూమి కొనుగోలు వలననే. వెస్ట్‌బీ జాన్ తన కుమారులలో ఒకడైన రిచర్డ్ కోసం ఉల్స్‌తోర్ప్‌లో నూరు ఎకరాలకు మించిన కమతం కొన్నాడు. అక్కడి నుండి కథ ఒకే నేలమీద సాగుతుంది.

వీలునామాలు ఇక్కడ ప్రవేశిస్తాయి. 1562 నాటి వీలునామాలో ఒక జాన్ న్యూటన్ తనను 'హస్బండ్‌మన్' అని, అంటే సామాన్య సేద్యగాడని చెప్పుకొన్నాడు. ఇరవై ఏళ్ల తరువాత అదే పేరుగల అతని కుమారుడు 'యోమన్'గా మరణించాడు. చరిత్రకారులు ఈ రెండు మాటల నడుమ ఒక నిచ్చెన మెట్టును చూచారు. ఏడాదికి 40 షిల్లింగుల రాబడినిచ్చే స్వంత భూమి ఉన్నవాడు యోమన్ అన్నది న్యాయశాస్త్రపు నిర్వచనం. 1942లో యోమన్ల గురించి సమగ్ర గ్రంథం వ్రాసిన మిల్డ్రెడ్ కాంబెల్, వాడుకలో ఈ మాట అంత కచ్చితమైన హద్దులకు లొంగదని చూపించింది. కౌలుభూమి దున్నే సంపన్నుడు కూడ యోమనే అనిపించుకొనేవాడు. ఒకే మనిషి తన వీలునామాలో యోమన్‌గానూ, చనిపోయిన తరువాత ఇరుగుపొరుగువారు వ్రాసిన జాబితాలో హస్బండ్‌మన్‌గానూ కనబడే సందర్భాలున్నాయి. ఆ మాట ఎవరు పెట్టినదన్నది అడగకుండా దానిని హోదాకు కొలబద్దగా తీసికొనరాదు.

వీలునామా చెప్పినవాడు ఒకడు, వ్రాసినవాడు మరొకడు. పడకలో ఉన్న రైతు చెప్పగా ఊరి బడిపంతులో, చర్చి గుమాస్తావో, చదువు వచ్చిన పొరుగువాడో వ్రాసేవాడు. ఆత్మను దైవానికి అప్పగించే తొలి వాక్యాలను బట్టి ఆ రైతు మతవిశ్వాసాన్ని నిర్ణయించే పద్ధతి ఒకప్పుడు ప్రబలంగా ఉండేది. మార్గరెట్ స్పఫర్డ్ కేంబ్రిడ్జ్‌షైర్ గ్రామాల వీలునామాలను వ్రాయసకాండ్ర వారీగా వేరుచేసి, ఆ వాక్యాలు చాలావరకు వ్రాయసకానివేనని నిరూపించింది. ఒకే చేతివ్రాతలో ఉన్న వీలునామాలలో ఒకే రకం వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. తాళపత్ర ప్రతులలో లేఖకుని పలుకును కవి పలుకు నుండి వేరుచేయటం అలవాటైన తెలుగు పరిష్కర్తలకు ఈ పద్ధతి దగ్గరగానే తోస్తుంది. హోదాను సూచించే మాట విషయంలోనూ ఇదే అనుమానం వర్తిస్తుంది. తండ్రి హస్బండ్‌మన్, కొడుకు యోమన్ అన్న తేడాలో కొంత సంపదది, కొంత వ్రాసినవాని మర్యాదది కావచ్చు.

ఉల్స్‌తోర్ప్ శాఖ ఎదుగుదలకు మాటల కంటె గట్టి రుజువులున్నాయి. 1588లో మరణించిన రిచర్డ్ చరాస్తి 104 పౌండ్లకు మదింపు అయింది. అతని కుమారుడు రాబర్ట్ 1623లో ఉల్స్‌తోర్ప్ మేనర్‌ను కొన్నాడు. మేనర్ అంటే భూమితోబాటు దానిపై ఉండే కౌలుదారులమీద కొంత అధికారాన్నీ, చిన్న న్యాయసభను నడిపే హక్కునూ ఇచ్చే స్వామ్యం. 1639 డిసెంబరులో రాబర్ట్ ఆ మేనర్‌తో సహా ఆస్తినంతటినీ తన కుమారుడైన పెద్ద ఐజాక్‌కూ, అతనికి కాబోయే భార్య హన్నా ఐస్కోకూ చెందేటట్లు ఒప్పందపత్రం వ్రాశాడు. 1641 శరత్తులో రాబర్ట్ మరణించాడు. 1642 ఏప్రిల్‌లో పెద్ద ఐజాక్, హన్నాల వివాహం జరిగింది. అక్టోబరు మొదటి వారంలో పెద్ద ఐజాక్ కూడ మరణించాడు. డిసెంబరు 25న పుట్టిన శిశువుకు తండ్రి పేరే పెట్టారు.

పెద్ద ఐజాక్ వీలునామా, చరాస్తి జాబితా రెండూ నిలిచాయి. జాబితా మొత్తం 459 పౌండ్ల 12 షిల్లింగుల 4 పెన్నీలు. అందులో 234 గొర్రెలు, 46 పశువులు ఉన్నాయి. గాదెలలో మాల్టు, ఓట్లు, ధాన్యం, ఎండుగడ్డి కలిపి దాదాపు 140 పౌండ్ల విలువైనవి ఉన్నాయి. తాత రిచర్డ్ నాటి 104 పౌండ్లతో పోల్చి, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసికొన్నా, ఇది ఆ ప్రాంతంలో చెప్పుకోదగిన సంపద. నిరుపేద వితంతువు కొడుకుగా న్యూటన్‌ను చిత్రించే బాలల పుస్తకాలకు ఈ ఒక్క పత్రమే సమాధానం.

అయితే ఈ పత్రం నుండి ఆ మనిషిని రాబట్టటం అనుకొన్నంత సులభం కాదు. 1529 నాటి చట్టం ప్రకారం మృతుని చరాస్తికి జాబితా వ్రాయించాలి. కనీసం ఇద్దరు పొరుగువారు ఇంటిలోనూ దొడ్డిలోనూ తిరిగి, వస్తువు వస్తువుకూ వెల కట్టి, ఆ జాబితాను చర్చి న్యాయస్థానంలో దాఖలు చేసేవారు. స్వంత భూమి అందులో చేరదు. అంటే ఉల్స్‌తోర్ప్ మేనర్ ఆ 459 పౌండ్లలో లేదు. మృతునికి ఇతరులు ఇవ్వవలసిన బాకీలు వ్రాస్తారు గాని, మృతుడు ఇతరులకు పడిన బాకీలు సాధారణంగా వ్రాయరు. కనుక జాబితా అంతా నిజాయితీగా ఉన్నా ఒక వైపు ఆస్తిని తగ్గించీ, మరొక వైపు పెంచీ చూపుతుంది. 1639 నాటి ఒప్పందపత్రం నశించి, జాబితా ఒక్కటే మిగిలి ఉంటే, పెద్ద ఐజాక్ ఒక మేనర్‌కు యజమాని అన్న సంగతి ఆ అంకెలలో ఎక్కడా కనబడదు.

దీనికి తోడు రెండు అంశాలను ఈ జాబితాను ఉటంకించేవారు తరచు దాటవేస్తారు. మొదటిది కాలం. అక్టోబరు అంటే కోతలు ముగిసి గాదెలు నిండి ఉండే నెల. అదే మనిషి ఆరు నెలల తరువాత, వేసవి ప్రవేశంలో మరణించి ఉంటే ఆ 140 పౌండ్ల ధాన్యంలో చాలా భాగం తినటానికో విత్తనానికో అమ్మకానికో పోయి ఉండేది. మాసాన్ని చూడకుండా మొత్తాలను పోల్చే పట్టికలు ఈ కారణంగా తప్పుదారి పట్టిస్తాయి. రెండవది ఇంకా ముఖ్యమైనది. రాబర్ట్ మరణించి అప్పటికి ఏడాదే గడిచింది. 234 గొర్రెల మంద ఒక్క ఏడాదిలో పెరిగేది కాదు. వివాహంతో హన్నా తెచ్చుకొన్న సామాను కూడ ఆనాటి చట్టం ప్రకారం భర్తదే కనుక జాబితాలో కలిసే ఉంటుంది. పెద్ద ఐజాక్ పేరిట ఉన్న ఆ అంకెలో తండ్రి కూడబెట్టినదెంత, భార్య తెచ్చినదెంత, తానుగా చేసినదెంత అన్నది విడదీయలేము. అది ఒక ఇంటి లెక్క. దానిని ఒక మనిషి సామర్థ్యానికి రుజువుగా చదవటం పత్రం ఇవ్వనిదానిని తీసికొనటమే.

వీలునామా కింద పెద్ద ఐజాక్ సంతకం లేదు, నిశానీ ఉన్నది. వెస్ట్‌ఫాల్ దీనికి చాలా ప్రాధాన్యమిచ్చి, పితృవంశాన్ని విద్యాగంధం లేనిదిగా చిత్రించాడు. సంతకాల లెక్కతో అక్షరాస్యతను కొలిచే పద్ధతికి డేవిడ్ క్రెసీ గ్రంథం ప్రసిద్ధమైన ఆధారం. అయినా ఒక్క మనిషి విషయంలో ఈ కొలత నిలువదు. ఆనాటి బడులలో చదవటం ముందు, వ్రాయటం తరువాత నేర్పేవారు; చదవగలిగి వ్రాయలేనివారు ఎందరో ఉండేవారని స్పఫర్డ్ వాదన. పైగా మరణశయ్యపై ఉన్నవాని చేయి ఎంత సహకరించగలదన్న ప్రశ్న ఉన్నది. వెస్ట్‌ఫాల్ నిర్ణయం తప్పని చెప్పటానికి ఆధారం లేదు. ఐస్కోల ఇంట హన్నా సోదరుడు విలియం కేంబ్రిడ్జిలో చదివినవాడు కావటం, న్యూటన్ చదువు వైపు మళ్లటంలో తల్లి వైపు పాత్రను బలపరుస్తున్నది కూడ. కాని ఆ వాదానికి నిశానీని మూలస్తంభంగా నిలబెట్టటం ఆ చిన్న గుర్తుపై మోయలేని భారం వేయటమే అవుతుంది.

హన్నా విషయంలో పత్రాల మౌనం మరొక రకమైనది. భర్త ఉన్నంతకాలం స్త్రీకి వేరుగా చరాస్తి లేదు. కనుక వీలునామా వ్రాసే అవకాశం దాదాపు లేదు. ఆమె పత్రాలలో స్వతంత్రంగా కనబడేది వైధవ్యంలోనే. 1646లో ఆమె నార్త్ విథం చర్చి అధికారి బార్నబస్ స్మిత్‌ను పెండ్లాడింది. 1653లో ఆయన పోయిన తరువాత ఉల్స్‌తోర్ప్‌కు తిరిగివచ్చింది. 1662లో పొయ్యి పన్ను మొదలైంది. ఇంటిలో ఎన్ని పొయ్యిలుంటే అన్నింటికి, పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు చొప్పున, మార్చి 25న సగం, సెప్టెంబరు 29న సగం చెల్లించాలి. 1689లో రద్దయ్యేదాకా సాగిన ఈ పన్ను పట్టీలు పదిహేడవ శతాబ్ది కుటుంబాలను వెదకేవారికి పెన్నిధి వంటివి. అయితే ఆ కాలంలో ఉల్స్‌తోర్ప్ ఇంటికి పెద్ద న్యూటన్ ఇంటిపేరుగలవారు కారు, విధవరాలైన హన్నా స్మిత్. కుమారుడు 1661 నుండి కేంబ్రిడ్జిలో ఉన్నాడు. న్యూటన్ అనే పేరుతో పట్టీ తిప్పే పరిశోధకుడు ఆ ఇంటి ముందునుండే దాటిపోతాడు. 1679లో మరణించేనాటికి ఆమె వీలునామా వ్రాయగలిగిన స్థితిలో ఉన్నది. దానిని అమలుపరచినవాడు కుమారుడే.

తేదీలలో ఉన్న చిక్కు కూడ ఇక్కడే చెప్పుకోవాలి. 1752 వరకు ఇంగ్లండులో సంవత్సరారంభం మార్చి 25. జనవరి నుండి మార్చి 24 వరకు గల దినాలు పాత సంవత్సరానికే చెందుతాయి. పెద్ద ఐజాక్ అక్టోబరులో పోయాడు గనుక అతని విషయంలో ఇబ్బంది లేదు. శిశువు జననానికి డిసెంబరు 25, 1642 అన్న తేదీ ఇంగ్లండు లెక్క. ఐరోపా ఖండంలో అప్పటికే అమలులో ఉన్న కొత్త పంచాంగంలో అది జనవరి 4, 1643. న్యూటన్ మరణించినది నేటి లెక్కలో 1727 మార్చిలో. వెస్ట్‌మిన్‌స్టర్ అబేలోని ఆయన సమాధి ఫలకంపై మాత్రం 1726 అని ఉన్నది. వీలునామా వ్రాసిన తేదీకీ దానిని న్యాయస్థానం ధ్రువపరచిన తేదీకీ నడుమ ఈ హద్దు పడినప్పుడు, చనిపోయిన తరువాత ఏడాదికి వీలునామా వ్రాసిన రైతులు పరిశోధనలలో పుట్టుకొస్తారు.

నిశానీ వేసిన తండ్రి మరణానికి ముందు వీలునామా చెప్పి వ్రాయించాడు. రాజటంకశాలకు అధిపతిగా లక్షల పౌండ్ల లెక్కలు చూచిన కుమారుడు వీలునామా లేకుండానే మరణించాడు. దానితో ఆయన ఆస్తి చట్టం చెప్పిన దారులలో విడిపోయింది. దాదాపు 32,000 పౌండ్ల విలువైన చరాస్తి, ఒకే తల్లికి వేరు తండ్రికి పుట్టిన తోబుట్టువుల సంతానమైన ఎనిమిది మందికి చెందింది. భూమి విషయంలో ఆనాటి ఇంగ్లండు చట్టం అటువంటి సగం రక్తసంబంధాన్ని అంగీకరించలేదు. ఉల్స్‌తోర్ప్ నేల తండ్రి వైపు వారసుడైన మరొక జాన్ న్యూటన్‌కు సంక్రమించింది. వంశచిహ్నం కోసం 1705లో ఒకసారి చెప్పిన వంశక్రమం, 1727లో ఒక కమతం ఎవరిదన్నది తేల్చవలసివచ్చినప్పుడు మళ్లీ ప్రశ్నగా నిలిచింది. ఈసారి లెక్కకు వచ్చినది బారొనెట్ చుట్టరికం కాదు, రాబర్ట్ న్యూటన్ మగసంతతి.